పన్నెండో గీత

క్వారీ లైన్లు,
మంగళవారం

కందిరీగా,

ముందు క్షేమం రాయాలంటారు. క్షేమమే. మీ అమ్మ మోకాలు నొప్పంటోంది, అది ఎప్పుడూ ఉన్న పాటే.

కొత్త ఉద్యోగం గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కొండ మీద ఒక గది. గదిలో ఒక పెట్టె. భూమి అదిరితే పెట్టెలో ముల్లు కదిలి కాగితం మీద గీత గీస్తుంది. ఆ గీతల్ని నువ్వు చూస్తూ కూర్చోవాలి. దీనికా పదహారేళ్ళు చదివావు? నేను బడి మొహం చూడలేదు. మందు తూటాల పెట్టెల మీద రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అయినా నలభై రెండేళ్ళు ఈ భూమిని రోజూ అదరగొట్టాను. నువ్వు సైన్సు చదువుతానని ఎదురు తిరిగిన రోజున నీ భూతద్దాన్ని సుత్తి పెట్టి పిండి చేశాను, గుర్తుండే ఉంటుంది. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను.

మన క్వారీలో పేల్చే మందు కూడా నీ పెట్టెకి తెలుస్తుందని రాశావే, అది మాత్రం నమ్మను. మధ్యలో ఇరవై కిలోమీటర్లు. నా రెండు వేళ్ళు, మందుని పేల్చే క్యాపు చేతిలో పేలి ఎగిరిపోయాయి, తొడలో ఇంకా రాతి ముక్క ఉంది, కానీ చెవికి ఏ దెబ్బా తగల్లేదు. పని మానేసి ఎనిమిదేళ్ళయినా, మధ్యాహ్నం పేల్చాక మేనేజరు దగ్గర్నించి డ్రిల్లరు దాకా అందరూ నా వైపే చూస్తారు. ఎన్ని బెజ్జాల్లో మందు కూరారో అన్నీ పేలాయా లేదా చెప్పేది నేనే. నేను తలూపితేనే రాతి దగ్గరికి కాలు కదుపుతారు. ఒక్కటి పేలకుండా మిగిలి, దాని మీద డ్రిల్లు పడితే మనిషి మనిషిగా దొరకడు. మీ నాన్న సంగతి నీకు వేరే చెప్పాలా.

పందెం కడతావా? పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఎన్ని పేలాయో నీ పెట్టెనడిగి చెప్పు. చెబితే నీ చదువుకి దణ్ణం పెడతాను. చెప్పలేకపోతే ఆ పెట్టెలో కోళ్ళు పెంచుకో.

తాత


భూకంప కేంద్రం, కొండ మీద,
శనివారం

తాతయ్యా,

నువ్వడిగిన శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలకి మొదలైంది. కాగితం మీద తొమ్మిది ఉన్నాయి. నాలుగోది మిగతావాటికి దాదాపు రెట్టింపు ఎత్తు. అంటే రెండు కలిసి ఒకేసారి పేలాయి. కాబట్టి మీవాళ్ళు కూరింది పది. తప్పా?

పెట్టెకి మేస్త్రి ఎవరో కూలీ ఎవరో తెలీదు తాతయ్యా. నేల ఎంత అదిరితే అంతే గీస్తుంది. ఎవరు గదమాయించినా ఒక్క గీత ఎక్కువ గీయదు.

ఇక్కడ పని గీతలు చూస్తూ కూర్చోవడం కాదు. లారీ పోయిన అదురేదో, తలుపు పడిన అదురేదో, భూమి లోపలి అదురేదో విడదీయాలి. నన్ను తీసుకునేటప్పుడు ఇక్కడి పెద్దాయన ఒకే ప్రశ్న వేశారు. "నీకు నచ్చని గీత కనిపిస్తే ఏం చేస్తావమ్మా?" ఉన్నదున్నట్టు రాస్తానండీ అన్నాను. రేపు రమ్మన్నారు.

దణ్ణం ఎప్పుడు పెడతావు? ఉత్తరంలో పెడితే చెల్లదు.

నీ కందిరీగ


క్వారీ లైన్లు,
బుధవారం

కందిరీగా,

కూరింది పదే. నాలుగూ అయిదూ జంటగా పోయాయి. ఆ సంగతి నాకూ, ఒత్తి ముట్టించినవాడికీ తప్ప ఇంకో పురుగుకి తెలీదు.

నీ ఉత్తరం క్యాంటీన్‌లో అందరికీ చదివి వినిపించాను. ఒక లారీ డ్రైవరు నవ్వి, "తాతా మనవరాలూ ముందే కూడబలుక్కున్నారు" అన్నాడు. టీ గ్లాసు వాడి ముక్కు మీద పగలగొట్టాను. నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. మేనేజరు వచ్చి, "డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా కొట్లాటేనా తాతా" అన్నాడు. వయసు మోకాళ్ళకొచ్చింది గానీ మోచేతులకి రాలేదని చెప్పాను.

ఇక నుంచి ఎవడు లెక్క అడిగినా, నా చెవీ నా మనవరాలి పెట్టే రెండూ ఒకే మాట అంటున్నాను. దణ్ణం కూడా పెట్టేశాను, నీ కొండ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా. అది చెల్లుతుంది.

ఆ ఒంటికన్ను పిచ్చోడు మళ్ళీ తయారయ్యాడు. ప్రతి ఏడూ మీ నాన్న పోయిన నెలలో మన గేటు దగ్గర నిలబడతాడుగా. రాయి విసిరితే భుజానికి తగిలింది, కుంటుకుంటూ పోయాడు. మీ అమ్మ వాడికి మంచినీళ్ళు తీసుకెళుతుంటే చెంబు తన్నాను. ఈ ఇంట్లో జాలి మరీ ఎక్కువైంది.

తాత


భూకంప కేంద్రం,
ఆదివారం

తాతయ్యా,

గేటు దగ్గరి ఆ మనిషి పిచ్చివాడంటే చిన్నప్పుడు నమ్మాను. ఈ మధ్య తరచు గుర్తుకొస్తున్నాడు. దవడ పక్కకి వంగిపోయి మాట రాదు కదా అతనికి. నన్ను చూస్తే రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చూపించేవాడు. తర్వాత ఒక్క వేలు. మళ్ళీ పది, మళ్ళీ ఒకటి. ఆడుకుంటున్నాడనుకుని నేనూ అలాగే చూపించేదాన్ని. నువ్వొచ్చి నన్ను జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చేవాడివి. ఎవరతను? ఆ పదీ ఒకటీ ఏమిటి?

ఇంకో మాట. ఇక్కడ కింది గదిలో ముప్ఫై ఏళ్ళ కాగితాలు చుట్టలు చుట్టి, తేదీలు వేసి ఉన్నాయి. నాన్న పోయిన రోజుది కూడా ఉంటుంది. అప్పుడు నాకు మూడేళ్ళు. నాన్నవి నా దగ్గర ఉన్నవల్లా ఒక ఫోటో, ఒక బెల్టు. ఆ కాగితం మీద ఆయన చివరి మధ్యాహ్నం ఉంటుంది కదా, చూడాలని ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో నువ్వెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అమ్మనడిగితే "మీ తాతయ్యనే అడుగు" అంటుంది. అడుగుతున్నాను.

నీ కందిరీగ


క్వారీ లైన్లు,
శనివారం

నీకు,

చచ్చినవాళ్ళ కాగితాలు తిరగెయ్యడానికా నిన్ను అక్కడ కూర్చోబెట్టింది? అడిగావు కాబట్టి ఒక్కసారి చెబుతాను. రెండోసారి అడగొద్దు.

ఆ రోజు క్వారీ పై మెట్టు మీద పన్నెండు బెజ్జాలు కూరాను. ఒక్కో ఒత్తి ముందుదానికంటే జానెడు పొడుగు. అందుకని ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి. వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద గంట కొడితే ఎక్కడివాళ్ళక్కడ గోడ చాటుకి పరిగెత్తాలి. మాకు లెక్క రాసేవాడొకడు ఉండేవాడు, లెక్కలోడు అనేవాళ్ళం. పేలినప్పుడల్లా పలక మీద ఒక గీత గీయడం వాడి పని. పన్నెండుకి పన్నెండు గీతలుంటే ఎర్ర జెండా దింపి పనిలోకి పోతాం. ఒక్కటి తగ్గినా మర్నాటి దాకా ఎవడూ అటు పోకూడదు.

పలక మీద పన్నెండు గీతలున్నాయి. అందరూ చూశారు. జెండా దింపాం. మీ నాన్న డ్రిల్లు భుజాన వేసుకుని అందరికంటే ముందు పోయాడు. పేలని మందు మీద డ్రిల్లు పడింది. పొగ పోయాక చూస్తే డ్రిల్లు పిడిని మీ నాన్న కుడి చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. మనిషి లేడు. మిగతాది రాళ్ళలోంచి గోనెసంచిలోకి నేనే ఏరాను. ఎవర్నీ ముట్టనివ్వలేదు.

సంచి కింద పెట్టి, మందు కూరే కర్ర తీసుకున్నాను. మొదటి దెబ్బకి లెక్కలోడి దవడ విరిగింది. రెండోది మోకాలికి. తర్వాత నాకు పని లేకపోయింది, నలభై మంది ఉన్నారు. క్రేను ఆపరేటరు బూటు మడమతో వాడి కన్ను తీశాడు. రెండు రోజులకి ఒకడు వాడి ఇంటి తలుపు కూడా పీకేశాడు. ఆ గేటు పిచ్చోడు వాడే. లెక్క తప్పి నా కొడుకుని చంపినవాడు. బతకనిచ్చాం, అదే ఎక్కువ.

నువ్వు ఆ కింది గదిలోకి దిగొద్దు. దిగితే నా గడప తొక్కొద్దు.

నా చెవి ముసలిదయిందని నీ అనుమానమైతే, మొన్న గురువారం కింది మెట్టు మీద ఏడు కూరారు. ఏడూ పేలాయి, నేనే తలూపాను. ఈ గురువారానికి రాయి ఎత్తడం అవుతుంది, భోజనాలయ్యాక అక్కడే డ్రిల్లు పెడతారు. కావాలంటే నీ పెట్టెని అది అడుగు. పాతవి కాదు.

తాత


భూకంప కేంద్రం,
గురువారం పొద్దున

తాతయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ముందు ఇది చదివి, లేచి నిలబడి మిగతాది చదువు.

కింది మెట్టు మీద ఏడు పేలాయన్నావు. నా కాగితం మీద ఆరు ఉన్నాయి. ఆరూ ఒకే ఎత్తు. జంట లేదు. ఒకటి పేలకుండా ఆ రాతిలోనే ఉంది. మేనేజరు గారికి ఫోను చేశాను. "మేస్త్రి తాత తలూపాడమ్మా, ఇంకేం కావాలి" అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం దాకా బస్సు లేదు. ఇటు పోతున్న రాళ్ళ లారీని ఆపాను. నన్ను ఎక్కించుకోవడం కుదరదన్నాడు, ఉత్తరమైతే ఇస్తానన్నాడు. ముక్కు మీద కుట్లున్నాయి అతనికి. అయినా ఇస్తానన్నాడు.

వాళ్ళు నా కాగితం చూడరు. నీ తలకాయే చూస్తారు. ఆపగలిగితే నువ్వే ఆపాలి.

రెండోది. నువ్వు వద్దనకముందే కింది గదిలోకి దిగాను. ఆ రోజు కాగితం దొరికింది. పదకొండు ఉన్నాయి. పదకొండూ ఒకే ఎత్తు, ఒక్కటి కూడా జంట కాదు. తర్వాత ఇరవై ఆరు నిమిషాలు ఏమీ లేదు. అప్పుడు ఒకటి. అదే పన్నెండోది. అది నాన్న.

పదీ ఒకటీ ఏమిటో ఇప్పుడు తెలిసింది. పలక మీద పన్నెండో గీత ఎవరు గీశారు తాతయ్యా?

పెట్టె అబద్ధం చెప్పదని క్యాంటీన్‌లో చదివి వినిపించింది నువ్వే. లే.


ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు,
శనివారం

కందిరీగా,

నేను గీశాను.

అది ముందు రాశాను, ఎందుకంటే మిగతాది రాస్తూ పోతే మళ్ళీ దాచేస్తానేమో. గోడ చివర నేనూ లెక్కలోడూ ఇద్దరమే ఉన్నాం. "పదకొండే మేస్త్రీ" అన్నాడు. ఆరూ ఏడూ జంటగా పోయాయిరా అన్నాను. "లేదు మేస్త్రీ, విడివిడిగానే విన్నాను" అన్నాడు. నా చెవిని కాదన్నవాడు అప్పటిదాకా పుట్టలేదు. వాడి చేతిలో బలపం లాక్కుని పన్నెండో గీత గీసి పలక పైకెత్తి చూపించాను. మీ నాన్న గోడ మీంచి నా మొహం చూశాడు. తలూపాను. అంతే.

సంచి కింద పెట్టాక లెక్కలోడు నా వైపే వచ్చాడు. నోరు తెరవబోయాడు. దవడ మీదే ఎందుకు కొట్టానో ఇంక నీకు చెప్పక్కర్లేదు.

నువ్వు గురువారం సాయంత్రం బస్సులో వచ్చి వార్డు తలుపు దగ్గర నిలబడి వెళ్ళిపోయావట. నర్సు చెప్పింది. నాకు తెలివి లేదు. ఉన్నా నీతో ఏం మాట్లాడేవాణ్ణి. కాబట్టి గురువారం సంగతి రాస్తున్నాను.

ఆ డ్రైవరు ఉత్తరం చేతికివ్వలేదు, నా మొహాన విసిరాడు. సరే, ఆ మాత్రం బాకీ ఉంది. గేటు దగ్గరే చదివాను. చదివి చింపేశాను. నాలుగు ముక్కలు చేశాను, అబద్ధం ఎందుకు. అప్పుడు కింది మెట్టు మీంచి డ్రిల్లు మొదలైన అదురు అరికాళ్ళకి తెలిసింది. శబ్దం వినిపించలేదు. అరికాళ్ళకే తెలిసింది. అప్పుడర్థమైంది. ఇన్నేళ్ళుగా పేలుడు గుండెల్లో అదిరితే చెవితో విన్నాననుకుంటున్నాను.

పరిగెత్తాను. నా వయసువాడు పరిగెత్తితే ఎలా ఉంటుందో ఊహించుకో, కుంటి ఎద్దు పెళ్ళికి పోయినట్టు. డ్రిల్లరుని భుజం పట్టి లాగితే తోసేశాడు. వాడికి ఇద్దరు పిల్లలు. డ్రిల్లుకి గాలి పంపే గొట్టం మీద పారతో మూడు పోట్లు పొడిచాను. గొట్టం తెగి పాములా ఎగిరి నా చెంప చీల్చింది. డ్రిల్లు ఆగింది. అందరూ పోగయ్యారు. మేనేజరు, "ఏడూ పేలాయని నువ్వే కదా తాతా తలూపావు, ఇప్పుడీ వేషం ఏమిటి" అన్నాడు. డ్రిల్లరు ఇంకో గొట్టం తెమ్మని అరుస్తున్నాడు.

నా మనవరాలి పెట్టె ఆరు అంది అన్నాను. నవ్వారు. తాతకి చాదస్తం ముదిరిందన్నారు. ఏం చెబితే నమ్ముతారు? నా చెవి తప్పు వినగలదని వాళ్ళకి తెలియాలి. దానికి నా దగ్గర సాక్ష్యం ఒకటే ఉంది.

చెప్పాను. పలక, బలపం, పదకొండు, నేను గీసిన గీత, అన్నీ చెప్పాను. నా చెవే నా కొడుకుని చంపిందని చెప్పాను.

క్రేను ఆపరేటరు ఇంకా పనిలోనే ఉన్నాడు, తల నెరిసింది. వాడు దగ్గరికొచ్చి, "నా కాలితో నేను వాడి కన్ను తీశాను మేస్త్రీ. ఇరవై రెండేళ్ళు మంచి పని చేశాననుకుని బతికాను" అన్నాడు. మామూలుగానే అన్నాడు, టీ తాగావా అన్నట్టు. అని కూరే కర్రతో నా నోటి మీద కొట్టాడు. పళ్ళు ఎన్ని పోయాయో అప్పుడు లెక్కపెట్టలేదు, అయిదట. తర్వాత పాతవాళ్ళందరూ దిగారు. ఆ రోజు వాణ్ణి కొట్టినవాళ్ళే. కొత్తవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. పక్కటెముకలు మూడు విరిగాయి, ఎడమ మోకాలు చితికింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదని గొప్పలు చెప్పను. పెట్టాను. కాళ్ళు కూడా పట్టుకున్నాను ఎవరివో.

మీ అమ్మ వచ్చింది. కాళ్ళ సందుల్లోంచి చూశాను. ఆపమనలేదు.

ఆపింది ఎవరో తెలుసా. పట్టా ముక్క మీద గంట మోగింది. ప్రమాదం గంట. ఈ క్వారీలో ఆ గంట వింటే మనిషి ఆలోచించడు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. అందరూ నన్ను వదిలి గోడ చాటుకి ఉరికారు, క్రేను ఆపరేటరు అందరికంటే ముందు. ఖాళీ మెట్టు మీద నేనొక్కణ్ణీ పడి ఉన్నాను. తలెత్తి చూస్తే పట్టా దగ్గర లెక్కలోడు, సుత్తి పట్టుకుని. ఇరవై రెండేళ్ళలో వాణ్ణి ఎవరూ ఆ గంట ముట్టనివ్వలేదు.

ఎందుకు కొట్టాడో అడగలేదు. వాడు చెప్పలేడు కూడా, చెప్పలేకుండా చేసింది నేనే.

సాయంత్రం నీళ్ళు పెట్టి ఆ రాయి కడిగారట. ఒకే బెజ్జంలో రెండు తూటాలు, క్యాపుతో సహా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. డ్రిల్లు దిగిన చోటికి జానెడు దూరం. మేనేజరు వచ్చి చెప్పాడు, మంచం పక్కన నిలబడి, టోపీ తీసి. ఇక రోజూ నీ కేంద్రానికి ఫోను చేసి లెక్క సరిచూసుకుంటారట. పలక లెక్కలోడికి ఇస్తారట. నన్ను మాత్రం గోడ దరిదాపులకి రానివ్వొద్దని నేనే చెప్పాను.

నిన్న మీ అమ్మ వచ్చింది. కూర్చోలేదు. "మామయ్యా, ఆయన పోయే ముందు మీ మొహం చూశారా?" అని అడిగింది. చూశాడమ్మా అన్నాను. "మీరు తలూపారా?" ఊపానన్నాను. గ్లాసులో మంచినీళ్ళు పోసి, నా చెయ్యి అందనంత దూరంలో పెట్టి వెళ్ళిపోయింది.

నువ్వో పని చెయ్యాలి. ఆ రోజు కాగితానికి నకలు తీసి పంపు. పదకొండూ కనపడాలి, ఆ తర్వాతదీ కనపడాలి. నా పేరు మీద వద్దు, లెక్కలోడి పేరు మీద పంపు. వాడి ఇంటికి తలుపు లేదు, క్యాంటీన్ చిరునామాకి పంపు, గోడకి అంటిస్తారు. నీ భూతద్దం సంగతి కూడా ఉంది. ఈ సుత్తి చెయ్యి కొత్తది కొనే స్థితిలో లేదు గానీ, తప్పు చేశాను.

ఇందాక వాడొచ్చాడు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఒంటికన్నుతో నన్ను చూశాడు. విసరడానికి నా దగ్గర రాయి లేదు. రెండు చేతులూ ఎత్తాడు. పది. తర్వాత ఒక్క వేలు.

పదకొండే, నువ్వే కరెక్టు అందామంటే ఈ పొద్దున నోటికి కట్టు కట్టేశారు. అందుకని నేనూ చేతులెత్తాను. నాకున్నవి ఎనిమిది వేళ్ళే. అవే చూపించాను. వాడు చాలాసేపు లెక్కపెట్టాడు. తర్వాత మంచం అంచు మీద కూర్చుని, తన చేతి మూడు వేళ్ళు చాపి నా వేళ్ళ పక్కన పెట్టాడు.

తాత